కొండకొచ్చిన రూపాయి ఊళ్లో ఆగాలంటే

శనివారం కోడికూతకు ముందే మన కొండల దారుల్లో బండ్ల లైట్లు కనపడతాయి. మాలకొండకు, పెంచలకోనకు, భైరవకోనకు, సీతారామపురం మీదుగా ఘటిక సిద్ధేశ్వరానికి. కార్లు, ఆటోలు, ట్రాక్టర్లో చాపలు పరుచుకుని కూర్చున్న ముసలీ ముతకా. పొద్దుగూకేసరికి అన్నీ వెనక్కి పోతాయి. మర్నాడు ఊళ్లో మిగిలేవి కొబ్బరిచిప్పలు, ప్లాస్టిక్ విస్తళ్లు, ఖాళీ నీళ్ల సీసాలు.

"మన కొండలకు టూరిజం రావాలి" అని మీటింగు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు మైకు పట్టుకుని అంటారు. అది వచ్చి తరాలయింది. యాత్రకొచ్చినవాడు టూరిస్టు కాడని ఎవరన్నారు? జనం వస్తూనే ఉన్నారు. వాళ్లు జేబులోంచి తీసిన రూపాయి మన ఊళ్లో ఒక పూటన్నా ఆగడం లేదు. తంటా అంతా అక్కడే ఉంది.

నెల్లూరు వైపు వెలికొండల కింద, నల్లమల అంచున కాపురం ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను ఇది. డ్వాక్రా గ్రూపు లీడరుకు, హైదరాబాదులో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన కుర్రాడికి, ఊరికేదైనా చేయాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వార్డు మెంబరుకు. రిసార్టు కట్టాలనుకునేవాళ్లకు ఇందులో పనికొచ్చేది పెద్దగా లేదు.

మొదటి పని: మలుపు దగ్గర కూర్చుని లెక్కపెట్టండి

ఏ అప్పుకూ అర్జీ పెట్టకముందే, ఏ బోర్డూ రాయించకముందే ఒక నోటుపుస్తకం కొనండి. మీ ఊరి మలుపు దగ్గర, చెట్టునీడ ఉన్నచోట, ఇద్దరు కూర్చోండి. రెండు శనివారాలు, ఒక మామూలు బుధవారం, ఒక పండగరోజు. పోయే బండ్లను లెక్కపెట్టండి చాలు, వాటిని ఆపకండి. దర్శనానికి పోయే మనిషికి తొందర. తిరిగొచ్చేటప్పుడు టీకి ఆగినవాళ్లతో మాట కలపండి. "దర్శనం బాగా అయిందా అన్నా" అని మొదలుపెడితే మిగతాది వాళ్లే చెబుతారు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎందరు, ఎన్ని గంటలున్నారు, దేనికెంత అయింది, ఎక్కడ కొన్నారు. ఇన్‌కంటాక్సు వాళ్లలాగా వరసబెట్టి అడగొద్దు.

ఒక కారు లెక్క ఎలా ఉంటుందో చూడండి. అంకెలు ఊహకు చెబుతున్నవి, మీ అంకెలు మీ పుస్తకంలో తేలతాయి. నెల్లూరు నుంచి అయిదుగురు వచ్చారనుకుందాం. డీజిలు 1,500, నెల్లూరులోనే పోయించుకున్నారు. నీళ్ల కేసు 150, అదీ అక్కడిదే. దార్లో ఆత్మకూరులో టిఫిను 400. కొబ్బరికాయలు, పూలు 200, అమ్మినవాడు బయటినుంచి వచ్చి అంగడి వేలంపాటలో పాడుకున్నవాడు. పిల్లలకు బొమ్మలు 300, అవి చెన్నై సరుకు. మధ్యాహ్నం అన్నదానంలో భోజనం, హుండీలో ఎంతో కొంత. మన ఊళ్లో అయిన ఖర్చల్లా అయిదు టీలు, ఒక బీడీకట్ట. రెండున్నర వేల రూపాయలు మన రోడ్డు మీదుగా వచ్చి, మన రోడ్డు మీదుగానే వెళ్లిపోయాయి.

ఆ పుస్తకంలో చివర ఇంకో గడి గీయండి: "ఏం దొరక్క ఇబ్బంది పడ్డారు?" అన్నిటికన్నా విలువైన గడి అదే. నేను మొదటిసారి అలా కూర్చున్నప్పుడు జనం గైడు కావాలంటారని, గది కావాలంటారని అనుకున్నా. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె నా పుస్తకం చూసి, "ఏంది రాసుకుంటా ఉండావబ్బయ్యా" అని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వి, "రాత్రి నుంచి చుక్క నీళ్లు తాగకుండా వచ్చినాం మేము ముగ్గురం. ఎందుకో నీకు చెప్పాల్నా?" అంది.

చెప్పక్కర్లేదు. మరుగుదొడ్డి లేదు. ఉన్నదానికి తలుపు లేదు, తలుపున్నదానికి నీళ్లు లేవు. ఆ పూట ఆ గడిలో ఆడవాళ్లు చెప్పినవన్నీ దాదాపు అదే మాట. కొండ ఊళ్లో టూరిజం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరడిగినా అప్పటినుంచీ నా జవాబు ఒకటే. రోడ్డు పక్కన రెండు శుభ్రమైన బాత్రూములు, గడియ పడే తలుపులు, బక్కెట్టు, మగ్గు, సబ్బు, చీర తగిలించుకోవడానికి ఒక కొక్కెం. మనిషికి పది రూపాయలు తీసుకోండి, ఎవరూ బాధపడరు. బాత్రూముకు ఆగిన బండి పది నిమిషాలు ఆగుతుంది. ఆ పది నిమిషాల్లోనే మీ మజ్జిగ అమ్ముడుపోయేది.

రెండో పని: ఏం వద్దో ముందు రాసుకోండి

లెక్క చేతికొచ్చాక ఊరు కూర్చోవాలి. ఈ సభలో "ఏం కావాలి" అనే ప్రశ్న ముందు వేయకండి. వేస్తే రోడ్డు, లైట్లు, రోప్‌వే అంటూ రాత్రి పదింటిదాకా పోతుంది. "మన ఊళ్లో ఏం జరగకూడదు" అని అడగండి.

మొదటి మాట మందు గురించి వస్తుంది, రావాలి కూడా. కలిగిరి మండలం దూబగుంట మనకు దూరం కాదు. 1990ల మొదట్లో రోశమ్మతో కలిసి ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడితే ఆ సెగ రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అదే గడ్డ మీద, "గెస్టులు అడుగుతారు కదా" అన్న వంకతో సీసాలు మళ్లీ ఊళ్లోకి రావడం చాలా తేలిక. మందు తెచ్చుకుంటే గది లేదు, వాగు దగ్గర తాగితే జరిమానా అని మొదటి రోజే తీర్మానం రాసుకోండి. బేరాలు పోతాయని కుర్రాళ్లు గొణుగుతారు. పోనివ్వండి. పిల్లాపాపలతో వచ్చే కుటుంబం అలాంటి ఊరినే వెతుక్కుంటుంది.

తరవాత, ఆ సభలో ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడండి. రోడ్డు మీద ఇల్లున్నవాళ్లు, ఆటో ఉన్నవాళ్లు, మాట్లాడటం వచ్చినవాళ్లు ముందుంటారు. యానాది కాలనీవాళ్లు, నల్లమల వైపైతే చెంచుగూడెంవాళ్లు గోడ దగ్గర నిలబడి ఉంటారు. తేనె ఎప్పుడు దిగుతుందో, ఏ వాగు ఏ నెలదాకా పారుతుందో, ఏ బండ కింద పాము ఉంటుందో తెలిసింది వాళ్లకే. పెంచలకోనలో నరసింహస్వామి ఏరికోరి పెళ్లాడింది చెంచులక్ష్మిని. ఆమె పుట్టింటివాళ్లను వెనక వరసలో నిలబెట్టకండి. కమిటీలో ఇద్దరికి చోటివ్వండి, మీటింగు వాళ్ల కూలిపని ముగిసిన తరవాత పెట్టండి. మేకల దారి, కట్టెలు తెచ్చుకునే దారి, నీళ్లు పట్టుకునే బోరు మూయకూడదని కూడా తీర్మానంలో రాయండి. పార్కింగు పేరు చెప్పి ముందు పోయేవి అవే.

మూడో పని: తిండి, కానీ మీల్స్ హోటలు కాదు

మన కొండక్షేత్రాల్లో కాశినాయన పేరు మీద అన్నదానాలు నడుస్తాయి. వచ్చినవాడెవడో అడగరు, కడుపునిండా పెడతారు. దాని పక్కన మీల్స్ హోటలు తెరవడం అంటే ఏటి ఒడ్డున నీళ్లమ్మినట్టు. ఊళ్లో అప్పుచేసి హోటలు పెట్టి, ఏడాది తిరక్కుండా బెంచీలు అమ్ముకున్న మనిషిని నాకు తెలుసు. వంట బ్రహ్మాండంగా ఉండేది, పాపం.

అన్నదానం మధ్యాహ్నం. మీ వేళలు తెల్లవారి అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఆ వేళకు తగ్గది వండండి. టౌన్లో దొరికే ఇడ్లీ, దోసె పక్కన మీది నిలబడదు. సజ్జరొట్టె పెట్టండి. పొయ్యి కంటికి కనపడాలి. వేణ్ణీళ్లు పోసి పిసికిన సజ్జపిండి ముద్దను చెక్కపీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతుంటే ఆ టపటప చప్పుడుకే జనం దగ్గరికొస్తారు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒకసారి అద్ది తిప్పేయాలి, అంచులు మాడక ముందే నిప్పుల మీదికి జరపాలి, పొంగాక దించి చేత్తో నలిపి పెట్టాలి. పక్కన చెనక్కాయ పచ్చడి, ఒక ఉల్లిపాయ ముక్క. నెల్లూరులో పుట్టిపెరిగిన పిల్లలు కూడా చాలామంది దీన్ని తినలేదు. వాళ్ల అమ్మానాన్నలు మాత్రం "మా అమ్మమ్మ చేసేది" అని రెండోది అడుగుతారు.

ఎండపూట నిమ్మకాయ నీళ్లు, పల్చటి మజ్జిగ. రాపూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలున్న జిల్లా మనది, ధర పడిపోయిన వారం బస్తాలకు బస్తాలు రోడ్డు పక్కన పోస్తున్న జిల్లా కూడా. అలాంటి వారాల్లో కాయ కొని ఊరగాయ పెడితే ఏడాదంతా అమ్ముకోవచ్చు. సీసాలు వద్దు, పావుకిలో పొట్లాలు చేయండి. యాత్రకొచ్చినవాడు బరువు మోయడు.

మాలకొండ లాంటిచోట ఇంకో చిక్కుంది. గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. వారానికి ఒక్కరోజు బేరానికి గది అద్దెకు తీసుకుంటే మిగతా ఆరు రోజుల అద్దె ఆ ఒక్కరోజే సంపాదించాలి. అందుకని తోపుడుబండి, మడిచిపెట్టే బల్ల, ఇంటినుంచి తెచ్చే గిన్నెలు. శుక్రవారం సాయంత్రం పిండి ఆడించుకోవాలి. మిగిలిపోయినా చెడనివే ఎక్కువ చేయాలి. తిండి అమ్మేవాళ్లకు ఆహార భద్రత రిజిస్ట్రేషను తప్పదు. చిన్న వ్యాపారాలకు అది తక్కువ ఫీజుతో, ఆన్‌లైన్లోనే అవుతుంది. చేయించుకుని కాగితం బండికి అంటించండి.

నాలుగో పని: చేతిపని ఉంటే, అది ఎలా పుడుతుందో చూపించండి

ఉదయగిరి చెక్క గరిటెల సంగతి తెలియనివాళ్లు మన జిల్లాలో ఉండరు. నర్ది, బిక్కి లాంటి కొండచెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేస్తారు. చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే సర్కారు ముద్ర, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా కోట చూడ్డానికొచ్చినవాడు ఆ ఊళ్లో గరిటె కొనకుండా వెళ్లిపోయి, తరవాత ఏ పెద్ద ఊరి ఎగ్జిబిషన్లోనో అదే గరిటెను మూడింతల ధరకు కొంటాడు. ఆ పైన పడ్డ ధరలో చేసినామెకు దక్కేది లేదు.

ఒకామె ఇంటి వసారాలో కూర్చుని నేనొకసారి అంతా చూశాను. చెక్కముక్క మీద పెన్సిలుతో గీత గీసింది, బాడిసెతో నాలుగు దెబ్బలు వేస్తే చెంచా ఆకారం వచ్చింది. అక్కణ్నుంచి అసలు పని. ఆకురాయితో రాస్తూ, కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తూ, మళ్లీ రాస్తూ. పిడి చివర పువ్వు చెక్కడానికి వాడిన ఉలి ఆమె చూపుడువేలికన్నా సన్నం. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగితే లేచెళ్లి దించి వచ్చి అదే గీత దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. అంతసేపూ చూసినవాడు "తగ్గించండమ్మా" అని ఎలా అంటాడు?

అందుకే దుకాణం కన్నా ముందు ఆ వసారాను చూపించండి. రోజూ రెండు ఇళ్లు, వంతులవారీగా. పది నిమిషాలు చూడటం ఉచితం, కూర్చుని తామే ఒక చెంచాకు రాపిడి పెట్టి ఇంటికి తీసుకెళ్లాలంటే గంటకింత అని రేటు. పిల్లలు దీనికి ప్రాణమిస్తారు. ప్రతి వస్తువు మీదా ఏ చెక్కో, నూనె ఎలా రాయాలో, డిష్‌వాషర్లో వేయకూడదనీ ఒక చిన్న చీటీ కట్టండి. చెక్క ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడిగినప్పుడు చెప్పగలగాలి. మన కొండల్లో ఎర్రచందనం ఉంది, చెక్క వస్తువు అనగానే చెక్‌పోస్టు దగ్గర అనుమానం మొదలవుతుంది. అమ్మిన ప్రతిదానికీ బిల్లివ్వండి, కొన్నవాడికి దార్లో ఇబ్బంది ఉండదు.

మీ ఊళ్లో చెక్కపని లేకపోవచ్చు. వెదురు తట్టలో, ఈతచాపలో, తాళ్లో, ఏదో ఒకటి ఉంటుంది. ఏదీ లేకపోతే లేనట్టే. కొత్తగా పుట్టించకండి.

అయిదో పని: కొండ ఎక్కించేవాడిని తయారుచేయండి

ఉదయగిరి దుర్గం మూడువేల అడుగుల పైచిలుకు. కొండ మీద ఎనిమిది కోటలు, కింద అయిదు, మొత్తం పదమూడని పాత గెజిటీర్లు, అంటే జిల్లా వివరాల సర్కారు పుస్తకాలు, రాశాయి. దారి తెలియనివాడు సగంలో తిరిగొస్తాడు, లేదా తప్పిపోయి ఊరివాళ్లను రాత్రంతా నిద్రపోనివ్వడు. ఇక్కడ గైడుకు మంచి కూలి ఉంది. కానీ దారి చూపించినంత మాత్రాన గైడు కాడు.

ఎవరిని ఎంచుకోవాలి? ఇంగ్లీషు వచ్చినవాడిని ముందు పట్టుకొస్తారు అందరూ. నన్నడిగితే మేకలు కాసిన మనిషిని పెట్టమంటాను. పక్కన చదువుకున్న పిల్లనో, పిల్లాడినో జతచేయండి. ఒకరికి కొండ తెలుసు, ఒకరికి మాట తెలుసు. ఏడాదికి ఇద్దరికీ రెండూ వస్తాయి.

చెప్పే కథ కూడా కుదురుగా ఉండాలి. 365 గుళ్లుండేవని అంటారు, సరే, "అంటారు" అనే చెప్పండి. తెలిసిన చరిత్రే కావలసినంత ఉంది. ఇది ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న కోట. కృష్ణదేవరాయలు 1513లో దీన్ని ముట్టడించి, నెలల తరబడి చుట్టూ కూర్చుని, 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, అక్కడ గుడి కట్టించి నిలిపాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కొండమీద శిథిలమైన గుడి ముందు నిలబెట్టి, "ఇక్కడి కృష్ణుడు హంపికి పోయి, అటునుంచి మద్రాసు పోయాడు, ఇంకా తిరిగి రాలేదు" అని చెబితే ఎవరికి గుర్తుండదు? తరవాతి కాలపు మసీదులు కూడా అదే కొండ మీద ఉన్నాయి. గుడిదగ్గర ఎంతసేపు ఆగుతారో వాటిదగ్గరా అంతసేపు ఆగండి. ఊళ్లో గరిటెలు చేసే ఇళ్లలో ముస్లిం ఇళ్లు చాలా ఉన్నాయి, ఊరి కథ అందరి కథలా వినపడాలి.

ఇక జాగ్రత్తలు. ఎండాకాలంలో తెల్లారి అయిదున్నరకు ఎక్కడం మొదలుపెట్టి పదింటికల్లా దిగాలి. ఏప్రిల్, మే నెలల్లో ముసలివాళ్లను, చంటిపిల్లలను ఎక్కించనని చెప్పే ధైర్యం గైడుకు ఉండాలి, ఆ రోజు బేరం పోయినా సరే. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. రక్తపింజరి, కట్లపాము తిరిగే కొండలివి. కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయకూడదు. కరిచిన కాలు కదలకుండా పెట్టి, మోసుకుని దించి, 108కి ఫోన్ చేయాలి. పాముకాటు మందు ఏ ఆస్పత్రిలో ఉందో వారానికోసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఉందని గోడమీద రాసి ఉంటే ఉన్నట్టు కాదు. కొండమీద ఏ బండ దగ్గర సిగ్నల్ అందుతుందో గైడుకు తెలిసుండాలి.

ఆరో పని: ఒకటో రెండో గదులు, అంతకుమించి వద్దు

రాత్రి ఆగినవాడు పగలు వచ్చిపోయేవాడికన్నా ఎక్కువ ఖర్చుపెడతాడు, నిజమే. అందుకని అప్పుచేసి పది గదులు కట్టేయకండి. ఉన్న ఇంట్లో ఖాళీగా ఉన్న గదితో మొదలుపెట్టండి. కొడుకు బెంగుళూరులో, కోడలు బెంగుళూరులో, మిద్దెమీద గది తాళం వేసి ఉంటుంది చూడండి, అది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కూడా ఇలాంటి ఇళ్లకే. ఒకటి నుంచి ఆరు గదుల దాకా, ఇంటి యజమాని కుటుంబంతో అక్కడే ఉండాలి.

గదికి ఏసీ అక్కర్లేదు. ఉతికిన దుప్పట్లు, దోమతెర, లోపల గడియ, తలుపు పక్కనే బాత్రూము, రాత్రి కరెంటు పోతే దీపం. ఉదయం గేదె పాలు పితికే చప్పుడుకు లేవడం వాళ్లకు ముచ్చట, దాన్ని దాచకండి. వచ్చిన ప్రతివాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరులో సంతకం పెట్టించాలి. విదేశీయులైతే 24 గంటల్లో ఆన్‌లైన్లో సమాచారం ఇవ్వాలి. ఒంటరిగా ఉండే ఆడమనిషి ఇంట్లో మగవాళ్ల గుంపును దింపకూడదన్న నియమం కమిటీయే పెట్టాలి. ఆమె తనంతట తాను కాదనలేకపోవచ్చు.

ఇంకోమాట. గుడో కోటో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే దానికి 100 మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. షెడ్డు వేశాక నోటీసు వస్తే రేకుల డబ్బు కూడా రాదు. ముందే పురావస్తు శాఖవాళ్లను అడగండి.

ఏడో పని: అడవిలో అడుగుపెట్టే ముందు

కోన లోపలి జలపాతం, గుహ, తేనెబండలు చూపిస్తామని కుర్రాళ్లు ఫోన్లలో పెడుతుంటారు. వెలికొండల్లో పెనుశిల నరసింహ అభయారణ్యమే వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. నల్లమల వైపు పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి తీసుకెళితే కేసు తీసుకెళ్లినవాడి మీద, అంటే మీ ఊరి పిల్లాడి మీద. పైగా ఎర్రచందనం ఉన్నచోట రాత్రిపూట కొత్త మనుషులు కనపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

అటవీశాఖ రేంజరు దగ్గరికి వట్టి చేతులతో పోకండి. ఏ దారి, ఎన్ని కిలోమీటర్లు, రోజుకు ఎందరు, ఏ వేళ నుంచి ఏ వేళదాకా, చెత్త ఎవరు తెస్తారు అని ఒక కాగితం మీద బొమ్మగీసి తీసుకెళ్లండి. అడవిని కాపాడేందుకు ఊరివాళ్లతో వేసిన వన సంరక్షణ సమితి ఉంటే ఆ పేరు మీదే అడగండి. శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ సఫారీ నడుపుతోంది, అలాంటిచోట ఒకరోజు గడిపి టిక్కెట్టు పుస్తకం ఎలా రాస్తున్నారో చూసి రండి. వాళ్లు ఒప్పుకోకపోతే అడవి అంచున, పొలాల మీదుగా నడక పెట్టుకోండి. సజ్జచేను, ఊటబావి, సాయంత్రం కొండ రంగు మారడం, ఇవేవీ అడవిశాఖవి కావు.

ఎనిమిదో పని: ధర ఒకటి, లెక్క అందరి ముందు

తొంభైపాళ్లు ఊళ్లు ఇక్కడే విరిగిపోతాయి, కొండెక్కలేక కాదు. ఒకరు గది అయిదొందలకిస్తే పక్కింటివాళ్లు నాలుగొందలంటారు, మూడో ఇల్లు మూడొందలంటుంది. ఆరునెలల్లో ముగ్గురికీ ఏమీ మిగలదు, ముగ్గురి మధ్యా మాటలుండవు.

నేపాల్‌లో అన్నపూర్ణ కొండల్లో 1986లో ఘంద్రుక్ ఊరి దగ్గర ఒక పరిరక్షణ పథకం మొదలైంది. లాడ్జీలవాళ్లంతా కమిటీగా కూర్చుని గదికీ, పప్పన్నానికీ ఒకే ధరల పట్టీ వేసుకున్నారు. బయటినుంచి కొండల్లో నడవడానికి వచ్చేవాళ్లు కట్టే ప్రవేశ రుసుము ఆ ప్రాంతపు పనులకే ఖర్చవుతుంది. హిమాలయాలకూ మన వెలికొండలకూ పోలికేముంది అంటారేమో. మంచు లేకపోవచ్చు, పక్కింటివాడి మీద పోటీకి తక్కువకివ్వడం అక్కడా ఇక్కడా ఒకటే.

కాబట్టి ధరల పట్టీ ఒకటే రాసి మలుపు దగ్గర పెట్టండి. గెస్టును పంపేది కమిటీ, వంతుల ప్రకారం. బంధువును ముందు వంతుకు తోసినవాడికి ఒక వంతు కోత. వచ్చిన వందలో ఎనభై పని చేసినవాళ్లకు అదే రోజు చేతికివ్వండి, పది సంఘం ఖర్చులకు, పది ఊరి ఖాతాకు. ఈ పాళ్లు నేను చెప్పాను కాబట్టి కాదు, మీరు కొట్లాడుకుని తేల్చుకోండి. కానీ తేల్చుకున్నాక మార్చొద్దు.

డబ్బు పెట్టె డ్వాక్రా సంఘం దగ్గర ఉంచమంటాను. పొదుపు పుస్తకం రాయడం, వారంవారం మీటింగు పెట్టుకోవడం, వాయిదా ఎగ్గొట్టిన మనిషిని ఇంటికెళ్లి అడగడం ఆడవాళ్లకు ఏళ్లుగా అలవాటైన పని. మగవాళ్ల కమిటీలు పుస్తకం ఎక్కడుందో వెతికేసరికి ఏడాది తిరుగుతుంది. ప్రతి ఆదివారం సాయంత్రం గుడి గోడమీదో, బడి బోర్డుమీదో సుద్దతో రాయాలి: ఈ వారం ఎందరొచ్చారు, ఎంతొచ్చింది, ఎవరికెంత, ఊరి ఖాతాలో ఎంత. మొదటి నెల బోర్డు ముందు గొడవలవుతాయి. మంచిదే. బోర్డు ముందు అయిన గొడవ బోర్డు ముందే తీరుతుంది, రచ్చబండ చాటున అయినది తీరదు.

చెత్త, నీళ్లు, ప్రచారం

చెత్తకు బోర్డులు పెట్టి లాభం లేదు. సీసాతో లోపలికి పోయే ప్రతివారి దగ్గరా పది రూపాయలు డిపాజిట్టు తీసుకుని సీసా మీద చుక్క పెట్టండి, తిరిగి తెస్తే డబ్బు వెనక్కి. తేనివాడి పది రూపాయలు ఏరినవాళ్లకు. మోదుగ విస్తళ్లు కుట్టేవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్ల దగ్గరే కొనండి. నీళ్ల సంగతి ఇంకా గట్టిగా చూసుకోవాలి. గెస్టు స్నానానికి మూడు బక్కెట్లు, కాలనీకి ట్యాంకరు అన్న పరిస్థితి వచ్చిన రోజు గదులకు తాళం వేయండి.

మన వైపు వానలు అక్టోబరు, నవంబరుల్లో. కోనల్లో నీళ్లు దూకేది, కొండ పచ్చగా ఉండేది, కార్తీకం జనం వచ్చేది అప్పుడే. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఈ పని, మిగతా నెలలు మీ సేద్యం, మీ గేదెలు. ఎవరూ పొలం కౌలుకిచ్చి గైడు కావద్దు.

ప్రచారం ఆఖరున పెట్టుకున్నాను, అక్కడే ఉండాలి. బాత్రూము లేకుండా రీలు పెడితే వచ్చినవాళ్లు బాత్రూము లేదనే రీలు పెడతారు. ఫోన్ మ్యాపులో మీ మలుపు, బాత్రూములు, రొట్టెల బండి సరిగ్గా గుర్తుపెట్టండి, ధరలు రాయండి, ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వండి. మొదటి ఏడాదికి అది చాలు.

ఏడాది తిరిగాక అదే మలుపు దగ్గర, అదే పుస్తకంతో మళ్లీ రెండు శనివారాలు కూర్చోవాలి. ఈసారి బండ్ల సంఖ్య పెరిగిందా లేదా అని చూడకండి. ఒక్కో బండి మన ఊళ్లో ఎంత వదిలిపోయిందన్న గడి చూడండి. ఆ చివరి గడిలో, ఏం దొరక్క ఇబ్బంది పడ్డారన్న చోట, ఈ ఏడు కొత్తగా ఏం రాశారో చూడండి. రెండో ఏడు పని అక్కడ మొదలవుతుంది. వెళ్లేటప్పుడు ఒక మజ్జిగ సీసా, తలకు తువ్వాలు తీసుకెళ్లండి, తొమ్మిదింటికే ఎండ ముదురుతుంది.